నా బల్ల కాళ్లు

జనవరి 12

పిడుగుకి,

మేనమామ దీవెనలు. ముప్పై ఏళ్ల కిందట మీ నాన్న నాకొక మాట ఇచ్చాడు. "నువ్వు లేచి వచ్చేదాకా నీ బల్ల దగ్గర ఇంకొకణ్ణి నిలబెడితే నన్ను చెప్పుచ్చుకు కొట్టరా" అన్నాడు. నేను మంచం మీద వెల్లకిలా పడున్నాను. ఆయన నా దిండు సర్దుతూ అన్నాడు. ఇంతవరకూ చెప్పు తియ్యలేదంటే ముందు మా అక్క మొహం చూసి, అక్క పోయాక ఆయన వయసు చూసి.

ఇదంతా ఇప్పుడెందుకంటే నిన్న మీ ఆయన ఫోన్ చేశాడు. "మెడనొప్పి ముదిరింది మామయ్యగారూ. రేవువాళ్లు సెలవిచ్చారు. క్రేన్ క్యాబిన్ మీదేనమ్మా, ఎప్పుడు తగ్గితే అప్పుడే రండి అన్నారట. చాలా మంచివాళ్లు" అన్నాడు. ఆ "మంచివాళ్లు" దగ్గర నా నడుము కలుక్కుమంది.

నా కథ నీకు తెలుసు. కానీ మీ నాన్న చెప్పగా తెలుసు. నన్ను చెప్పనియ్యి. నేనూ ఆయనా కలిసి బైండింగు షాపు నడిపాం. ఒకరోజు నిఘంటువుల కట్ట ఎత్తుతుంటే నడుము పట్టేసింది. ఆ రోజుల్లో నడుము నొప్పికి పడకే మందు. కదలకుండా పడుకోమన్నాడు డాక్టరు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, పడుకునేకొద్దీ కాళ్లలో ఉన్న కాస్త బలమూ పోయింది. చివరికి మొండికేసి లేచి షాపుకి వెళ్లాను. నా బల్ల దగ్గర ఒక పొట్టివాడు మడిచిన కాయితాల కూర్పులు కుడుతున్నాడు. బైండరు బల్ల ఆ బైండరు మోచేతి ఎత్తుకి ఉండాలి. పొట్టివాడి కోసం మీ నాన్న నా బల్ల కాళ్లు బెత్తెడు కోయించాడు. వాణ్ణి పక్కకి జరగమని వంగి కుట్టడం మొదలుపెట్టాను. మధ్యాహ్నానికి ఇద్దరు మనుషులు నన్ను మోసుకొచ్చి ఇంట్లో దించారు. మర్నాడు షాపు తాళంచెవి మీ నాన్న చేతిలో పెట్టేశాను. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

కాళ్ల కింద ఇటుకలు పెట్టుకోవచ్చుగా అని మీ అమ్మ అప్పట్లో అడిగింది. కోసిన కాళ్లకి ఇటుకలు పెట్టుకోవచ్చు. కోసినవాడి ఎదురుగా నిలబడి పని చెయ్యడానికి ఏం పెట్టుకోవాలి?

అందుకని నా సలహా ఒక్కటే. తగ్గాక వెళ్దాం అనుకోకు. నొప్పితోనే వెళ్లు. ఎక్కనివ్వకపోతే కింద కుర్చీ వేసుకుని కూర్చో. నువ్వొక మనిషివి ఉన్నావని వాళ్లకి రోజూ కనబడాలి. నొప్పి ఇల్లరికపుటల్లుడి లాంటిది. పొమ్మంటే పోడు, అలిగితే ఇల్లు పీకి పందిరేస్తాడు. మర్యాద తగ్గించకు. తాళాలు మాత్రం ఇవ్వకు.

నడుము ఇవాళ వాన వస్తుందంటోంది. రేడియో రాదంటోంది. నేను నడుముని నమ్మి గొడుగు తీశాను.

నీ మేనమామ

*

జనవరి 28

మామయ్యా,

ఈ ఉత్తరం నిలబడి రాస్తున్నా. బీరువా తలుపుకి కాయితం అంటించి, గోడకి సున్నం వేసేవాళ్లలాగ. కిందికి చూస్తే మెడ దగ్గర మొదలై ఎడం చేతి వేళ్ల దాకా మంట. ఫోన్ అయితే అసలు చూడలేను. కాబట్టి నీకు అదృష్టం పట్టింది, కాయితం మీద మేనకోడలు దొరికింది.

నీ ఉత్తరం వచ్చినప్పుడు నాన్న హాల్లోనే ఉన్నాడు.

"ఎవరే?"

"మామయ్య."

"ఏమంటాడు?"

"నిన్ను తిట్టాడు."

"అయితే ఒంట్లో బాగానే ఉందన్నమాట" అని మళ్లీ రేడియో పెట్టుకున్నాడు.

నువ్వేమో నా మెడ పేరు చెప్పి నాన్న మీద కత్తి నూరుకుంటున్నావు. నా మెడ వేరు, నీ బల్ల వేరు. మా క్యాబిన్ నేల అద్దం. దాని మీద కూర్చుని, మోకాళ్ల మధ్య నుంచి కిందికి చూస్తూ పొద్దంతా ఓడలోంచి కంటైనర్లు తియ్యాలి. కొంగ చేపల కోసం చూసినట్టు. ఇన్నేళ్లు అలా చూస్తే మెడ ఏమవుతుందో నీకు వేరే చెప్పక్కర్లేదు.

మెడ ఒక్కటే అయితే భరించేదాన్ని. అసలు సంగతి మా ఆయన నీకు చెప్పుండడు, ఆయనకీ సగమే తెలుసు. ఆ రోజు కంటైనర్ ఓడ మీదుగా గాల్లో ఉంది. మెడ పట్టేసింది. ఎడం చెయ్యి నాది కానట్టయిపోయింది. కింద సిగ్నల్ ఇచ్చే కుర్రాడు, వాణ్ణి మేం విజిల్ అంటాం, వాకీటాకీలో "అక్కా, ఆపేశావేంటి? అక్కా?" అంటున్నాడు. నోరు రాలేదు. బరువు ఊగుతోంది, దాని నీడ వాడి మీద ఊగుతోంది. తర్వాత చెయ్యి కదిలింది, దింపేశాను, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అప్పట్నుంచీ క్రేన్ తలుచుకుంటే చాలు, గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. అరచేతులు తడిసిపోతున్నాయి. కూరగాయల సంచీ ఎత్తినా దాని కింద ఎవరో ఉన్నారేమో అని చూస్తున్నా.

మా ఆయన మందుల షాపులో ఉన్న దిండ్లన్నీ ఇంటికి తెచ్చాడు. మెడ కింద పెట్టేది, పక్కన పెట్టేది, మధ్యలో చిల్లు ఉన్నది. మంచం మీద మనుషులకన్నా దిండ్లు ఎక్కువయ్యాయి. నన్ను గ్లాసు కూడా ఎత్తనివ్వడు. మంచివాడే, ఏమనగలను.

నా పని పోతుందా మామయ్యా? నాకు వచ్చిన పని అదొక్కటే.

పిడుగు (తుస్సుమన్నది)

*

ఫిబ్రవరి 9

పిడుగుకి,

ఏమీ కాలేదు అని రాసింది నువ్వే. చెయ్యి రాకపోయినా బరువుని దింపింది నువ్వే. ఆ రెండు వాక్యాలూ మళ్లీ చదువుకో. దానికి కూడా దిండు కావాలంటే మీ ఆయన్ని అడుగు.

భయం సంగతి నాకు కొంత తెలుసు. పడక మీంచి లేచాక నేను వీధి దాటలేకపోయేవాణ్ణి. గుమ్మంలోంచి అడుగు తీస్తే కాళ్ల కింద నేల మెత్తబడినట్టుండేది. గుండె ఆగిపోతుందని పరిగెత్తి లోపలికి వచ్చేసేవాణ్ణి, నడుము సంగతి కూడా మర్చిపోయి. మీ అత్తయ్య "పోనివ్వండి, బయట ఏముంది" అని తలుపు వేసేది. చాన్నాళ్లకి ఎదుటి దీపస్తంభం దాకా వెళ్లి, దాన్ని పట్టుకుని, గుండె తనంతట తాను సర్దుకునేదాకా నిలబడ్డాను. జనం తాగానేమో అనుకున్నారు. అనుకోనీ. భయం పిలవని చుట్టం. గుమ్మంలోంచే తరిమితే రోజూ వస్తుంది. లోపల కూర్చోబెట్టి పలకరించకుండా మన పని మనం చేసుకుంటే, కాసేపటికి విసుగొచ్చి లేస్తుంది.

ఇది నా సొంత తెలివి కాదు. వైద్య గ్రంథాలు బైండింగుకి వస్తే కుట్టే ముందు కూర్పులు విప్పి చదివేవాణ్ణి. అందుకే నా చదువంతా ముక్కలు ముక్కలు. రోగం ఒకచోట, దాని మందు ఇంకో సంపుటంలో. అయినా చదివిందాన్ని బట్టీ, పడ్డదాన్ని బట్టీ చెబుతున్నాను: నీ నొప్పిలో సగం భయమే. దాన్ని లొంగదీస్తే మిగతా సగంతో కాపురం చెయ్యొచ్చు.

రేవుకి వెళ్లు. లిఫ్టు దగ్గర నిలబడు. మర్నాడు లిఫ్టులోకి వెళ్లు. పైకి వెళ్లావా, దిగావా అన్నది తర్వాత.

మీ నాన్నకి నా నమస్కారాలు చెప్పకు.

నీ మేనమామ

*

మార్చి 2

మామయ్యా,

వెళ్లాను. నీ మాట విని వెళ్లాను.

లిఫ్టు అంటే మా క్రేన్‌కి ఇనప పంజరం. అందులోకి వెళ్లి తలుపు వేశాను. సగం ఎత్తులో ఊపిరి అందలేదు. చచ్చిపోతున్నానని గట్టిగా అనిపించింది. మీట నొక్కి దిగి, గోడ పక్కన కూలబడ్డాను. విజిల్ పరిగెత్తుకొచ్చి మొహం మీద నీళ్లు చల్లాడు. రేవంతా చూసింది. దాని గుర్తుగా మెడ మూడు పగళ్లు నన్ను తిననివ్వలేదు.

నొప్పిలో సగం భయమే అన్నావు. కంపెనీ డాక్టరూ అదే మాట అన్నాడు, నవ్వుతూ. "మనసు కుదుట పరుచుకోండమ్మా" అన్నాడు. అంటే నేను నటిస్తున్నానా? ఆయనంటే ఎవరో. నడుముతో ఇన్నేళ్లు వేగినవాడివి, నువ్వూ అదే అంటే ఇంకెవరికి చెప్పుకోను?

సూపర్‌వైజరు నాకు నేల మీద పని ఇచ్చాడు. విజిల్ పక్కన నిలబడి వాకీటాకీలో పైవాడికి దారి చెప్పడం. ఆఖరికి నా క్యాబిన్‌లో ఇంకొకతను ఉన్నాడు, అతనికి నేను కుడి, ఎడమ చెబుతున్నాను. నీకు సంతోషంగా ఉంటుంది, నీ జోస్యం నిజమైంది.

ఇక సలహాలు రాయొద్దు.

*

మార్చి 15

పిడుగుకి,

సంతకం లేని ఉత్తరం వచ్చింది. చేతిరాత నీదే. కోపం మా అక్కది. చిన్నప్పుడు ఆమె కూడా అలిగితే పేరు చెప్పేది కాదు.

నటిస్తున్నావని నేననలేదు. సగం భయం అంటే సగం అబద్ధం అని కాదు. నా నడుము నొప్పి నిజం, ఆ దీపస్తంభమూ నిజం. రెండూ కలిసి నన్ను తిన్నాయి. ఒకదాన్ని బయటికి లాగితే రెండోది ఒంటరిదవుతుందని చెప్పబోయాను. ఆ డాక్టరు నవ్వుతూ అన్నాడు కదా, నేను నవ్వుతూ రాయలేదు. నన్ను ఎవరితోనైనా పోల్చు, నవ్వే డాక్టర్లతో పోల్చకు.

ఇంకొకటి. సగం ఎత్తుకి వెళ్లానన్నావు. ఆ ముందు నెల నువ్వు బీరువా దగ్గరే ఉన్నావు. సగం అంటే సున్నా కాదు. నువ్వు చేసిన తప్పల్లా, భయం నెత్తికెక్కినప్పుడు దిగేశావు. ఈసారి పంజరాన్ని ఒక మనిషి ఎత్తు లేపి, అక్కడే ఆపి, నిలబడు. గుండె సర్దుకున్నాకే దిగు. ఇది సలహా కాదు, నా అనుభవం. సలహాలు వద్దన్నావని గుర్తుంది.

వేరే ప్యాకెట్లో ఒక వాలు పలక పంపుతున్నాను. నేనే చేశాను, చేతులింకా చచ్చిపోలేదు. బల్ల మీద పెట్టుకుంటే కాయితం మొహానికి ఎదురుగా ఉంటుంది. మెడ వంచక్కర్లేదు. బీరువాకి కూడా విశ్రాంతి. మేకులు కొట్టలేదు, జిగురే. బైండరన్నవాడు మేకు ముట్టుకోడు.

నీ మేనమామ, సలహాలు మానుకున్నవాడు

*

ఏప్రిల్ 20

మామయ్యా,

పలక అందింది. ఎత్తు సరిగ్గా సరిపోయింది. దాని మీదే రాస్తున్నా.

ఓడలు వరసగా వస్తున్నాయి, తీరిక లేదు. నిన్న క్యాబిన్ తాళంచెవి విజిల్ చేతిలో పెట్టి వచ్చాను. మిగతాది తీరిగ్గా రాస్తా.

పిడుగు

*

ఏప్రిల్ 27

ఇక పిడుగని పిలవను.

తాళంచెవి ఇచ్చి వచ్చావా. ఇచ్చి, ఒక్క వాక్యంలో చెప్పి, పలక బాగుందని దానికి ముందొక వాక్యం పెట్టావా. మీ నాన్న కూతురివే. ఆయన కూడా అంతే. నా బల్ల కాళ్లు కోయించిన రోజు సాయంత్రం వచ్చి, మా ఇంటి తలుపు గడియ బిగించి, "ఇప్పుడు సరిగ్గా పడుతోంది" అని వెళ్లాడు. పెద్ద సంగతి దాచడానికి చిన్న మరమ్మతు.

నేను ఇన్నాళ్లూ ఎవరికి రాశాను? తాళాలు ఇవ్వకు అని మొదటి ఉత్తరంలోనే రాశాను. ఆ కుర్రాడి చేతిలో పెట్టేటప్పుడు నీకేమీ అనిపించలేదా? నేను ఇచ్చినప్పుడు ఎలా ఉందో నాకు తెలుసు. అంతవరకూ తాళంచెవి జేబులో బరువని తెలియలేదు. ఇచ్చేశాక జేబు చూసుకుంటూ ఏళ్లు గడిపాను. ఇంట్లో కూర్చుని చదివాను. లోకంలో ఉన్న తెలివంతా చదివాను. చదువు పనికి బదులు కాదు పిల్లా. పని పోయినవాడికి చదువు, పళ్లు ఊడినవాడికి చెరుకు తోట.

దిండ్ల మధ్య సుఖంగా ఉండు. మీ ఆయన మంచివాడు. నీకు మంచివాళ్లకి లోటు లేదు.

మేనమామ

*

మే 18

పిడుగే రాస్తోంది మామయ్యా,

ముందు కాస్త మంచినీళ్లు తాగి, కూర్చుని చదువు.

మా దగ్గర క్రేన్ దిగినవాళ్లు తాళంచెవి కిందున్న సిగ్నల్ మనిషికి ఇవ్వాలి. తర్వాత ఎక్కేవాళ్లు వాడి దగ్గర తీసుకుంటారు. రోజూ జరిగేదే. తాళంచెవి విజిల్‌కి ఇచ్చానంటే అర్థం, ఆ రోజు నేను పైకెక్కాను. పని చేశాను. దిగాను. నీకు సంతోషంగా ఉంటుందని తీరిక లేకపోయినా ఆ ఒక్క ముక్క రాశాను. నువ్వేమో నన్ను చెరుకు తోటలోకి తోలేశావు. నీ షాపులో తాళం ఇవ్వడమంటే వెళ్లిపోవడమని నాకెలా తడుతుంది?

నీ సలహా కాని సలహా పాటించాను. పంజరాన్ని మనిషి ఎత్తున ఆపి నిలబడ్డాను. విజిల్ కింద నిలబడి వాళ్ల పిన్ని పెళ్లిచూపుల కథ మొదలుపెట్టాడు. వాడికి అబద్ధాలు బాగా వచ్చు. ఆ కథ అయ్యేసరికి గుండె దిగింది. మర్నాడు ఇంకాస్త ఎత్తు, ఇంకో పిన్ని. వాడికి అంతమంది పిన్నులు లేరని పైకి చేరాక తెలిసింది.

మెడ తగ్గలేదు. తగ్గదు కూడా. నువ్వన్న ఇల్లరికపుటల్లుడు ఇంట్లోనే ఉన్నాడు, మర్యాద చేస్తున్నా. ఇంజనీరుతో కొట్లాడి కంటి ఎదురుగా తెర పెట్టించుకున్నా. కింద ఉన్నది అందులో కనబడుతుంది, ఊరికే వంగక్కర్లేదు. నా క్యాబిన్‌లోకి వచ్చిన అతనూ నేనూ షిఫ్టు సగం సగం పంచుకున్నాం. పైనున్నంతసేపు పైన. మిగతా సగం కింద నుంచి కొత్తవాళ్లకి నేర్పుతున్నా. వాళ్లు నన్ను టీచర్ అంటున్నారు. నీ దగ్గర్నుంచి వచ్చిన రోగం.

ఇప్పుడు అసలు సంగతి. తాళంచెవి రోజుకి ముందు, నేను అడుగుతున్నా సూపర్‌వైజరు చాన్నాళ్లు పనికి పైకి పంపలేదు. రేపు, ఎల్లుండి అని నానుస్తూ వచ్చాడు. ఎందుకో విజిల్ చెప్పాడు. "అక్కా, నేను చెప్పానని చెప్పకు. బావగారు వచ్చి, ఆవిడ అడిగినా పంపకండి, దండం పెడతాను అన్నారు."

ఆ సాయంత్రం మా ఇంట్లో ఉరుములు మెరుపులు.

"నువ్వు పడిపోతే చూసేది నేనే కదా" అన్నాడు మా ఆయన.

"పడితే చూడు. పడకముందే కాళ్లు విరగ్గొట్టకు."

"నీ మంచికే చేశానే."

"నా మంచి నాకు చెప్పి చెయ్యి."

దిండ్లన్నీ ఒక్కొక్కటే హాల్లోకి విసిరేశా. ఒకటి రేడియోకి తగిలింది. అప్పుడు నాన్న రేడియో ఆపి, "అల్లుడూ, అలా చెయ్యకు. నేనొకసారి అలాంటి పనికి ఒప్పుకున్నాను. మా బావమరిది ఇప్పటికీ తిడుతూనే ఉన్నాడు" అన్నాడు.

మామయ్యా, నీ బల్ల కాళ్లు కోయించమన్నది అత్తయ్యట.

నువ్వు పడకలో ఉండగా షాపుకి వచ్చిందట, వార్డు డ్యూటీ దిగి, నర్సు బట్టల్లోనే. ఇంకొకసారి బరువెత్తితే కాళ్లు పడిపోవచ్చని డాక్టరు ఆమెకి విడిగా చెప్పాడట. "అన్నయ్యా, ఆయన లేవగానే బల్ల దగ్గరికే వస్తారు. నేనాపలేను. నా వార్డులో నడుము పోయినవాళ్లని రోజూ తిప్పి పడుకోబెడుతున్నాను. ఆయన్ని అలా తిప్పలేను. ఆ బల్ల ఆయనకి పనికిరాకుండా చెయ్యండి" అందట. నాన్న కుదరదన్నాడట. ఆమె బల్ల మీద తల పెట్టి ఏడ్చిందట. పొట్టివాడికి అంత ఎత్తు తగ్గించక్కర్లేదట, వాడు మామూలు బల్ల దగ్గర కూడా పనిచేసేవాడట. ఎప్పటికీ చెప్పనని నాన్న దగ్గర మాట తీసుకుందట. ఆమె పోయాక కూడా చెప్పలేదు. "ఆవిడకి ఇచ్చిన మాటైనా నిలబెట్టుకోవాలి కదే" అన్నాడు.

నాకు చెప్పేశాడు కదా అంటే, "దిండు తగిలి నోరు జారింది" అన్నాడు.

మా ఆయన మర్నాడే సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లి తన మాట వెనక్కి తీసుకున్నాడు. నేను ఎక్కుతుంటే కింద నిలబడి చూశాడు. ఆయన అరచేతులే తడిశాయి ఈసారి.

అత్తయ్య మంచి మనసుతోనే చేసింది. నాకది తెలుస్తోంది, నీకూ తెలుసు. ఇన్నేళ్లు నాన్నని తిట్టావు. ఇప్పుడు ఎవర్ని తప్పుపడతావు?

పిడుగు

*

జూన్ 6

పిడుగుకి,

కూర్చునే చదివాను. చదివాక లేవడానికి చాలాసేపు పట్టింది. నడుము వల్ల కాదు.

ముందు నీ సంగతి. పైకెక్కావు. పని నీ చేతిలో ఉంది. మెడ నీ చెప్పుచేతల్లో లేకపోయినా నీ ఇంట్లో దాని చోటు దానికి చూపించావు. తెర పెట్టించుకోవడం నాకు తోచి ఉండేది కాదు. తాళంచెవి విషయంలో నేను తొందరపడ్డానని ఒప్పుకోవాలని నీ ఉద్దేశం. తాళంచెవి ఎవరికి ఎందుకు ఇచ్చారో ఇంకో అర వాక్యం రాసి ఉంటే రెండు కుటుంబాలకి మంచినీళ్లు మిగిలేవి. విజిల్‌కి నా దీవెనలు. వాడి పిన్నులందరికీ పెళ్లిళ్లు కావాలి.

మీ నాన్నకి నమస్కారాలు చెప్పు. క్షమించమని అడగను. అంతకాలం నోరు మూసుకుని నా తిట్లు తిన్నవాడు నాకు ఉపకారం చేశాడో అపకారం చేశాడో ఇంకా తేల్చుకోలేదు. కానీ వచ్చే నెల నేను అక్కడికి వస్తున్నాను. బస్సులోనే. సగం దారిలో దిగి కాసేపు నడిచి మళ్లీ ఎక్కుతాను, నా నడుముతో నాకు ఒప్పందం ఉంది. హాల్లో రేడియో పక్కన ఇంకో కుర్చీ వెయ్యమను. మాట్లాడుకోం. ఇద్దరికీ అలవాటు పోయింది. పక్కపక్కన కూర్చుంటాం.

మీ ఆయనతో చెప్పు, మాట వెనక్కి తీసుకోవడానికి వెళ్లిన మగవాడిని నేను పుస్తకాల్లో కూడా తక్కువ చూశాను. ఆ చిల్లు ఉన్న దిండు ఒకటి నాకు ఉంచమను, బస్సులో వచ్చాక కావాలి.

నా నడుము గురించి ఆ డాక్టరు చెప్పింది నిజమే కావచ్చు. నేను మంచం పట్టేవాణ్ణేమో. ఈ వయసులో దీపస్తంభం దాకా నడుస్తున్నానంటే అది ఆ బల్ల కాళ్ల కోతవల్లనే కావచ్చు. మంచం పట్టకపోయేవాణ్ణేమో కూడా. చేతిలో సూది ఉండగా పోయేవాణ్ణేమో. ఇప్పుడెవరు చెప్పగలరు? తేల్చుకునే హక్కు నా నడుముది. దాన్ని అడగలేదు.

నీ మేనమామ

తా.క. కవరు అంటించాక చించాను. నీ ఆఖరి ప్రశ్న వదిలేశానని నీకు తెలుస్తుంది, నాకూ తెలుసు.

నేను అన్నం ముందు కూర్చుని మీ నాన్నని తిట్టని రోజు లేదు. ఆమె ఎదురుగా నిలబడి వడ్డించేది. కాళ్లు కోసినవాడి చేతులు విరగ అనేవాణ్ణి. "కాస్త మజ్జిగ వెయ్యనా" అనేది. ఆమె ఆఖరి జబ్బులో మీ నాన్న చూడ్డానికి వస్తే నేను వీధిలోకి వెళ్లి నిలబడ్డాను. లోపల వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఇప్పుడు తెలిసింది. నేను లోపలికి రాగానే, "ఆయన్ని అలా పంపెయ్యకూడదండీ" అంది. ఆ పూటైనా చెప్పొచ్చు. నేను అరిచేవాణ్ణి. ఆమెకి జవాబు చెప్పే ఓపిక అప్పటికింకా ఉంది. పెద్ద గొడవయ్యేది, మీ ఇంట్లో అయినట్టు. నాకు ఆ గొడవ కావాలి. నీకు విసరడానికి దిండూ ఉంది, ఎదురుగా మనిషీ ఉన్నాడు.

మంచి మనసుతో చేసిందని రాశావు. ఆ సంగతి నీకన్నా నాకు ముప్పై ఏళ్లు ముందు తెలుసు, ఆ మనసు పక్కనే పడుకున్నాను. అయినా ఎవర్ని తప్పుపడతావని అడిగావు కాబట్టి చెబుతున్నాను. డాక్టరుని కాదు, పొట్టివాణ్ణి కాదు, ఇక మీదట మీ నాన్ననీ కాదు. మీ అత్తయ్యని.